కచేరీకి పదిహేను వాట్లు చాలా?

ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుని నాలుగు పాటలు చేతిలోకి వచ్చాక స్టేజీ ఎక్కాలన్న కోరిక పుట్టడం సహజం. సందేహం మొదలయ్యేది యాంప్లిఫయర్ దగ్గర. ఇంట్లో ఉన్నది అయిదు వాట్లదో పదిహేను వాట్లదో చిన్న ట్యూబ్ యాంప్. డ్రమ్ముల పక్కన అది వినిపిస్తుందా? వంద వాట్లది అద్దెకు తీసుకోవాలా? కొట్లో అడిగితే పెద్దదే కొనమంటారు. అనుభవమున్న గిటారిస్టుల్ని అడిగితే ఒకాయన పదిహేను చాలంటాడు, ఇంకొకాయన ముప్పైకి తగ్గొద్దంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళు వాయించే హాళ్ళు వేరు, వాళ్ళ వెనక కూర్చునే డ్రమ్మర్లు వేరు.

గిటారు తీగ మీటితే దాని కింద ఉన్న పికప్‌లో చాలా చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. దాన్ని పెంచి స్పీకర్‌ని కదిలించే పని యాంప్‌ది. 1950ల్లో ఈ పెంచే పనికి గాజు వాల్వులే, అంటే ట్యూబులే, దిక్కు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగినవి అవే. స్విచ్చి వేశాక కాసేపు వేడెక్కితే గానీ వార్తలు వినిపించేవి కావని పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారు చేసేది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి రేడియోలోంచి, టీవీలోంచి వాటిని వెళ్ళగొట్టాయి. గిటారు యాంప్‌లో మాత్రం ట్యూబు ఇప్పటికీ ఉంది.

అలా మిగలడానికి కారణం ఒక లోపమే. ట్యూబును దాని శక్తికి మించి పని చేయిస్తే శబ్దం ఒక్కసారిగా పగిలిపోదు. మెల్లగా నలిగి, చిక్కబడి, ఒక జీర తెచ్చుకుంటుంది. మెత్తగా మీటితే స్వచ్ఛంగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరగరలాడుతుంది. ఈ తేడా వేళ్ళకి తెలుస్తుంది. బ్లూస్, రాక్ వాయించేవాళ్ళు ట్యూబు యాంప్‌ని వదలకపోవడానికి కారణం ఈ స్పందనే. అయితే ఈ జీర యాంప్ తన శక్తి అంచుకు చేరినప్పుడే పూర్తిగా వస్తుంది. వంద వాట్ల యాంప్‌ని ఆ అంచుకు తెస్తే చిన్న హాల్లో జనం చెవులు మూసుకుని బయటికి పోతారు. అయిదు వాట్లది అదే అంచుకు చాలా ముందే చేరుతుంది. చిన్న యాంప్ మీద మోజుకి మూలం ఇది.

ఈ మోజుకి ఒక పాత కథ కూడా దన్నుగా నిలిచింది. 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోలో డెరెక్ అండ్ ది డామినోస్ బృందం ‘లేలా’ ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు ఎరిక్ క్లాప్టన్, డ్యువేన్ ఆల్మన్ ఫెండర్ చాంప్ లాంటి చిన్న యాంప్‌లు వాడారు. చాంప్ అంటే అయిదు వాట్లు, ఎనిమిది అంగుళాల స్పీకరు, శబ్దాన్ని బయటికి తోసేది ఒకే ఒక్క 6వి6 ట్యూబు. నేర్చుకునే పిల్లల కోసం చవగ్గా తయారుచేసిన పెట్టె అది. రికార్డులో వింటే కొండంత శబ్దం. ఇది విని చాలామంది స్టేజీ మీద కూడా అయిదు వాట్లతో నెగ్గుకురావచ్చని ఆశపడతారు. స్టూడియోలో మైకు యాంప్ మూతికి ఆనుకుని ఉంటుంది. శబ్దం ఎంత పెద్దగా ఉండాలన్నది మిక్సింగులో తేలుతుంది. స్టేజీ మీద ఆ సౌకర్యం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అసలు ప్రశ్నంతా అక్కడే ఉంది.

వాట్ల లెక్క కొంచెం ఓపిగ్గా చూడాలి. మన చెవి వాట్లతో సమానంగా వినదు. శక్తి రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. అది చెవికి తెలుస్తుంది గానీ పెద్ద తేడా కాదు. శబ్దం రెండింతలు పెద్దగా ఉన్నట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, దానికి శక్తి పది రెట్లు కావాలి. అంటే అయిదు వాట్ల యాంప్ కన్నా యాభై వాట్లది రెండింతలు పెద్దగా వినిపిస్తుందంతే, పదింతలు కాదు. యాభైకీ వందకీ మధ్య తేడా మరీ తక్కువ. ఫెండర్ వాళ్ళ డీలక్స్ రివర్బ్ 22 వాట్లు, ట్విన్ రివర్బ్ 85 వాట్లు. కాగితం మీద దాదాపు నాలుగింతలు, శక్తి లెక్కలో చూస్తే ఆరు డెసిబెల్‌ల లోపు. బరువు మాత్రం ఒకటి 19 కిలోలు, రెండోది 29. మూడో అంతస్తులో ఉన్న పబ్బుకి లిఫ్టు లేనప్పుడు ఈ పది కిలోల తేడా బాగా తెలుస్తుంది.

వాట్ల కన్నా ముందు అడగాల్సింది స్పీకర్ గురించి. ప్రతి స్పీకర్‌కీ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు వినిపిస్తుందన్నది ఆ అంకె. గిటారు స్పీకర్లలో ఇది తొంభై దాటిన దగ్గర్నుంచి నూరు వరకూ ఉంటుంది. సెలెషన్ కంపెనీ వింటేజ్ 30 స్పీకరుకి ఆ అంకె 100. ఇప్పుడు లెక్క వేయండి. అయిదు వాట్ల యాంప్‌లో 92 అంకె ఉన్న చిన్న స్పీకరుంటే మీటరు దూరంలో వచ్చేది 99 డెసిబెల్‌లు. అదే యాంప్‌ని 100 అంకె ఉన్న పన్నెండు అంగుళాల స్పీకరుకి తగిలిస్తే 107. ఎనిమిది డెసిబెల్‌లు పెరిగాయి. స్పీకరు మార్చకుండా ఆ పెరుగుదల రావాలంటే ముప్పై వాట్ల పైన కావాలి. అందుకే చిన్న యాంప్ ఉన్నవాళ్ళు కొత్త యాంప్‌కి డబ్బు పెట్టే ముందు విడిగా ఒక మంచి స్పీకరు పెట్టె కొని చూడటం మేలు. స్పీకరు ఓమ్‌లు యాంప్ వెనక రాసిన అంకెతో సరిపోవాలి. ఇంకొక మాట. స్పీకరు తగిలించకుండా ట్యూబు యాంప్‌లో వాయిస్తే లోపలి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. ట్రాన్సిస్టర్ యాంప్‌లకి అలవాటు పడినవాళ్ళు చేసే ఖరీదైన పొరపాటు ఇది.

ఇక డ్రమ్మర్. కర్రలతో వాయించే డ్రమ్ సెట్టు సులువుగా 100 డెసిబెల్‌లు దాటుతుంది, స్నేర్ దెబ్బలు ఇంకా పైకి పోతాయి. గిటారు శబ్దం దీనికి దీటుగా నిలవాలి. ఇక్కడ మీరు ఎలాంటి శబ్దం కోరుకుంటున్నారన్నది ముఖ్యం. జీర ఉన్న శబ్దమైతే పదిహేను వాట్లు ఒక మామూలు డ్రమ్మర్ పక్కన నిలబడతాయి. అంచు దాటినప్పుడు ట్యూబు యాంప్ తన మీద రాసిన వాట్ల కన్నా కొంచెం ఎక్కువే ఇస్తుంది కూడా. జీర లేని క్లీన్ శబ్దమే కావాలంటే కథ వేరు. స్వచ్ఛంగా మోగాలంటే ప్రతి మీటుకీ పైన కొంత ఖాళీ మిగలాలి. సినిమా పాటల్లో తళతళలాడే క్లీన్ గిటారు వాయించాలనుకుని అయిదు వాట్ల యాంప్‌తో స్టేజీ ఎక్కితే రెండో చరణానికే గొంతు బొంగురు పోతుంది. ట్రాన్సిస్టర్లతో నడిచే రోలాండ్ జేసీ-120 లాంటి యాంప్ 1975 నుంచి ఇప్పటిదాకా స్టేజీల మీద కనిపిస్తోందంటే ఈ క్లీన్ శబ్దం వల్లే.

అసలు వంద వాట్ల యాంప్‌లు పుట్టిన సందర్భం తెలిస్తే ఇప్పుడు వాటి అవసరం ఎంతో అంచనా వేయొచ్చు. 1960ల మొదట్లో ఇంగ్లండులో హాలు మైక్‌సెట్‌లోకి పాడేవాళ్ళ గొంతు మాత్రమే వెళ్ళేది. గిటారు ఎంత దూరం వినిపించాలన్నా తన యాంప్ నుంచే. డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ కంపెనీ 1958లో వాక్స్ ఏసీ15 తెచ్చింది, అంటే పదిహేను వాట్లు. షాడోస్ లాంటి బృందాలకి అది చాలక ముప్పై వాట్ల ఏసీ30 వచ్చింది. బీటిల్స్ అభిమానుల కేకలకి అదీ చాలక వంద వాట్లది చేశారు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో యాభై అయిదు వేల మందికి పైగా జనం ముందు బీటిల్స్ ఆ వంద వాట్ల యాంప్‌లతోనే వాయించారు. ఆ హోరులో తాము వాయిస్తున్నది తమకే సరిగా వినిపించలేదు. అదే ఏడాది ది హూ బృందం కోరిక మీద లండన్‌లో జిమ్ మార్షల్ వంద వాట్ల యాంప్ తయారు చేశాడు. ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తర్వాతి కాలంలో వినికిడి దెబ్బతిని ఆ సంగతి బహిరంగంగా చెప్పుకున్నాడు.

పరిస్థితి మారింది యాంప్‌ల వల్ల కాదు, మైక్‌సెట్ వల్ల. 1970లు నడిచేకొద్దీ హాలు సౌండ్ సిస్టమ్ పెద్దదై, ప్రతి వాద్యానికీ విడిగా మైకు పెట్టడం రివాజైంది. గిటారు యాంప్ ముందు నేటికీ ఎక్కువగా కనిపించే మైకు షూర్ ఎస్ఎమ్57, 1965లో వచ్చింది. దాంతో చివరి వరసకి శబ్దం చేర్చే బాధ్యత యాంప్ నెత్తి మీంచి దిగిపోయింది. నీల్ యంగ్ భారీ వేదికల మీద కూడా 1959 నాటి ఫెండర్ డీలక్స్‌నే ప్రధాన యాంప్‌గా వాడతాడు. అది సుమారు పదిహేను వాట్లది. ఎదురుగా వేలమంది ఉన్నా అతనికి లోటు లేదు, ఎందుకంటే ఆ వేలమందికి వినిపించేది హాలు స్పీకర్లు.

కాబట్టి మీరు వాయించే చోట యాంప్‌కి మైకు పెడతారా లేదా అన్నదే మొదటి ప్రశ్న. పెడితే యాంప్ పని స్టేజీ మీద మీకు, మీ తోటివాళ్ళకి వినిపించడం వరకే. దానికి పదిహేను వాట్లు పుష్కలం. మానిటర్ స్పీకర్లోనో చెవిలో పెట్టుకునే ఇయర్ మానిటర్లోనో గిటారు ఇస్తే అయిదు వాట్లయినా సరిపోతాయి. సౌండ్ ఇంజనీర్లు చిన్న యాంప్ చూస్తే సంతోషించడానికీ కారణముంది. పెద్ద యాంప్ హోరు పాడేవాళ్ళ మైకులోకి దూరుతుంది. గొంతు పెంచితే గిటారూ పెరుగుతుంది. దాంతో ఇంజనీరు హాలు స్పీకర్లలో గిటారుని పూర్తిగా తగ్గించేస్తాడు. చివరికి యాంప్‌కి ఎదురుగా కూర్చున్న నలుగురికి చెవులు చిల్లులు పడతాయి, పక్కన కూర్చున్నవాళ్ళకి గిటారే ఉండదు.

మైకు పెట్టడంలో పెద్ద విద్య లేదు. స్పీకరు నడి మధ్యకి గురిపెడితే శబ్దం పదునుగా వస్తుంది, అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది. స్పీకరు ముందుండే గుడ్డకి రెండు మూడు అంగుళాల దూరంలో మధ్యకీ అంచుకీ నడుమ పెట్టి మొదలుపెట్టండి. మైకు వెనక భాగం డ్రమ్ముల వైపు ఉండేలా చూసుకుంటే తాళాల మోత అందులోకి తక్కువ చొరబడుతుంది.

యాంప్ పెట్టే తీరు మీద మాత్రం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. గిటారు స్పీకరు నుంచి పైస్థాయి శబ్దం సన్నని పుంజంలా తిన్నగా పోతుంది. యాంప్‌ని నేల మీద పెట్టి దాని ముందు మీరు నిలబడితే ఆ పుంజం మోకాళ్ళకి తగులుతుంది. చెవికి మొద్దు శబ్దమే అందుతుంది. వినిపించడం లేదని వాల్యూమ్, ట్రెబుల్ పెంచుతారు. అప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్ళ మొహాలు చూడండి. యాంప్‌ని కుర్చీ మీద ఎత్తి పెట్టండి, లేదా వెనక్కి వాల్చి మీ మొహం వైపు తిప్పండి. చిన్న యాంప్ శక్తి చాలడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క మార్పుతో పోతాయన్నది నా నమ్మకం. బాస్ కూడా కొంచెం తగ్గించండి. లోతైన శబ్దానికి యాంప్ శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, పైగా ఆ చోటు ఎలాగూ బాస్ గిటారుది, డ్రమ్ముది. గిటారు తెలిసేది మధ్యస్థాయిలో.

సోలో దగ్గర చిన్న యాంప్ పెట్టే ఇబ్బంది వేరు. పాటంతా యాంప్‌ని అంచుదాకా పెంచి వాయించారు, ఇప్పుడు సోలో వచ్చింది, బూస్ట్ పెడల్ తొక్కారు. శబ్దం పెరగదు. జీర మాత్రం ఇంకా చిక్కబడుతుంది. నిండిన బిందెలో ఎన్ని నీళ్ళు పోసినా పొర్లిపోవడమే తప్ప బిందె పెద్దదవదు. దీనికి పాతకాలపు గిటారిస్టుల ఉపాయమే మంచిది. పాట నడుస్తున్నప్పుడు గిటారు మీద వాల్యూమ్ మీటని ఆరో ఏడో దగ్గర ఉంచి, సోలోకి పదికి తిప్పాలి. లేదా సోలో ఎక్కడొస్తుందో సౌండ్ ఇంజనీరుకి ముందే చెప్పి, అతని చేతనే పెంచించుకోవాలి.

మన దగ్గర వాయించేవాళ్ళు కరెంటు సంగతి తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో ఉన్న అన్నయ్యో స్నేహితుడో సెలవులకి వస్తూ అక్కడి యాంప్ తెచ్చిపెట్టడం మామూలే. అది 120 వోల్టులకి, 60 హెర్ట్‌జ్‌కి చేసింది. మన ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. నేరుగా పెడితే ఫ్యూజు పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోతే దురదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పదిహేను వాట్ల యాంప్ గోడ నుంచి లాగేది దానికి ఎన్నో రెట్లు కాబట్టి, యాంప్ వెనక రాసిన వాడకం అంకెకి రెట్టింపు తట్టుకునేది కొనండి. జెనరేటర్ మీద నడిచే స్టేజీల్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, లైట్ల డిమ్మర్ల రొద గిటారులోకి వస్తుంది. సౌండ్ వాళ్ళ బోర్డు నుంచే కనెక్షన్ అడగండి.

అలా అడగమనడానికి రొద ఒక్కటే కారణం కాదు. గిటారు తీగలు యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, పాడే మైకు మైక్‌సెట్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండు చోట్ల ఎర్తింగ్ తేడాగా ఉంటే, తీగల మీద చెయ్యి పెట్టి మైకుకి పెదవి తగిలించిన క్షణాన షాక్ కొడుతుంది. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్తింగ్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. గుయ్యిమనే శబ్దం పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను తీసేసే అలవాటు ఎక్కడ కనబడినా మానిపించండి. యాంప్ మూత విప్పి చూసే సరదా కూడా వద్దు. లోపల మూడు నాలుగు వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటాయి.

ట్యూబులు అరిగిపోయే సరుకు. ఇప్పుడు ఎక్కువగా రష్యా, స్లొవాకియా, చైనాల్లోనే తయారవుతున్నాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా సరఫరా చిక్కుల్లో పడి ధరలు పెరిగాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఫ్యూజులు, జాక్‌లు, కేబుళ్ళు దొరుకుతాయి. ట్యూబులు ముందే ఆన్‌లైన్లో తెప్పించి ఉంచుకోవడం మంచిది. కచేరీ అయిన వెంటనే వేడి మీద ఉన్న యాంప్‌ని ఆటోలో పడేయకండి. పది నిమిషాలు చల్లారనివ్వండి.

చిన్న యాంప్ బాగా నప్పే చోట్లలో చర్చి ఒకటి. కోస్తా జిల్లాల్లో చాలామంది కుర్రాళ్ళు గిటారు మొదట పట్టుకునేది అక్కడే. సిమెంటు గోడల హాల్లో శబ్దం ఊరికే మారుమోగుతుంది, ప్రసంగం వినడానికి వచ్చిన పెద్దవాళ్ళు ముందు వరసలో ఉంటారు. అక్కడ యాంప్‌ని సభ వైపు తిప్పకుండా పక్క నుంచి మీ వైపు తిప్పి, మైకు పెట్టుకుంటే అయిదు వాట్లతో ఆరాధనంతా హాయిగా నడుస్తుంది. ఆరుబయట పెళ్ళి వేదిక మీద, నాలుగు బృందాలు ఒకే స్టేజీని పంచుకునే చోట, సౌండ్ చెక్‌కి అయిదు నిమిషాలు కూడా ఇవ్వని ఈవెంట్లలో మాత్రం ట్యూబు యాంప్ మోసుకెళ్ళడం నా దృష్టిలో వృథా ప్రయాస. ట్యూబు శబ్దాన్ని అనుకరించే డిజిటల్ ప్రాసెసర్లు ఇప్పుడు బాగా తయారయ్యాయి. నేరుగా మైక్‌సెట్‌లోకి కేబుల్ ఇచ్చేసి వాయించి దిగిపోవచ్చు. ప్రేక్షకుల్లో తేడా పట్టేవాళ్ళు అరుదు. తేడా తెలిసేది వాయించే చేతికి. ఆ తేడా కోసం బరువు మోయాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ఒకే యాంప్ కొనగలిగితే పదిహేను నుంచి ఇరవై రెండు వాట్ల మధ్య, పన్నెండు అంగుళాల స్పీకరు ఉన్నది కొనండి. ఇంట్లో కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, మైకు లేని చిన్న హాల్లో సరిపోతుంది, మైకు ఉన్న చోట ఎంత పెద్ద వేదికకైనా చాలుతుంది. ఇప్పటికే అయిదు వాట్లది ఉంటే అమ్మొద్దు. కచేరీ ఒప్పుకునే ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి యాంప్‌కి మైకు, మీకో మానిటర్ ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే దాంతోనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు సరైన ఆంపియర్ల ఫ్యూజులు రెండు జేబులో వేసుకోండి.